ఏడో పిశాచి

సినిమాలో మా నాయనకి పేరు లేదు.
మొదట్లో అక్షరాలు పడేటప్పుడు
"మరియు గుంటూరు హమాలీ సోదరులు" అని వస్తుంది,
ఆ సోదరుల్లో ఉంటాడు.

నలుపు తెలుపు బొమ్మ.
గూడ్సు బండిలోంచి ఏదో జబ్బు ఊళ్లోకి దిగుతుంది.
కాటు పడ్డవాడు చస్తాడు,
చచ్చినవాడు పడుకోడు.
మూడొంతెనల కింద మొదటి శవం లేచి కూచుంటుంది.
నాలుగో రీలుకల్లా పట్నంబజారు మొత్తానికి
పగలు నిద్ర, రాత్రి దప్పిక.
బతికి మిగిలింది ఒక్క కాంపౌండరు,
చేతిలో లాంతరు, చుట్టూ మిరపకాయల గోడౌను.

ఘాటుకి పిశాచాలు లోపలికి రావంట.
ఆ ఆలోచన డైరెక్టరుది కాదు, టీలు మోసే మస్తానుది.
సెట్టుకి డబ్బుల్లేక గోడౌను,
గోడౌను కాబట్టి మిరపకాయే మంత్రం.
అయినా అబద్ధమేముంది,
దిష్టి తీసి పొయ్యిలో వేసేది దేన్ని?

రాత్రికి ఐదు రూపాయలు, ఒక పులిహోర పొట్లం.
కోరలకి ముల్లంగి చెక్కి పెట్టారు.
నెత్తురుకి బొగ్గుపొడి కలిపిన బెల్లం పాకం,
లైట్లు సర్దేలోపు గడ్డం మీద చీమలు.
ఆకలికి ఆగలేక రెండుసార్లు కోరలు నమిలేశాడంట.
చెప్పి చెప్పి నవ్వేవాడు,
నవ్వి నవ్వి దగ్గేవాడు.

చిక్కు తొమ్మిదో రీలులో వచ్చింది.
కాంపౌండరు రెండు కట్టెలు అడ్డంగా కట్టి
శిలువలాగా పైకెత్తుతాడు.
పిశాచులు ఏడుగురూ కెవ్వుమని వెనక్కి పడాలి.
ఆరుగురు పడ్డారు.
ఏడోవాడు సంగడిగుంట లూథరన్ గుళ్లో
ఆదివారం గంట కొట్టే ఏసుపాదం.

"భయపడరా!" అన్నాడు డైరెక్టరు.
పడలేదు.
"పోనీ మొహం తిప్పుకోరా, ఏదోటి చెయ్యి,
ఫిల్మ్ అడుగుల లెక్కన కొన్నాను!"
నాలుగో టేకులో నాయన తలగుడ్డ తీశాడు.
అంతే.
ఫిల్మ్ అయిపోయింది, అదే ఉంచేశారు.

ఆట ఆరు రోజులు ఆడింది.
పాస్టరుగారికి ఎవరో చెప్పారు.
నెత్తురు తాగే వేషం కట్టినవాడికి ప్రభువు బల్ల లేదన్నారు.
మూడు నెలలు వెనక బెంచీలో కూచుని
రొట్టే, గిన్నే
తనని దాటి పక్కవాడి దగ్గరికి పోతుంటే చూశాడు.
అప్పుడు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో
అమ్మకి కూడా చెప్పలేదు.

నెత్తురు తాగింది వేరేది.
ముప్పై ఏళ్లు, నలభై కిలోల టిక్కీలు,
నెత్తి మీద ఎరుపు, ముక్కులో ఎరుపు, అన్నం ముద్దలో ఎరుపు.
ఘాటుకి పిశాచాలు పారిపోతాయి సరే,
ఊపిరితిత్తులు ఎక్కడికి పోతాయి?
ఒక తెల్లవారుజాము తువాలు చూపించాడు.
ఈసారి చీమలు రాలేదు.

ఫోటో ఒక్కటీ లేదు ఇంట్లో.
తెనాలిలో ఎవరో ముసలి ఆపరేటరు దగ్గర
రేకు డబ్బాలున్నాయంటే మొన్న వెళ్లాను.
మూత తీస్తే పులిసిన కల్లు వాసన.
కరీముల్లా గారు గోడకి పంచె కట్టి బొమ్మ వేశారు.
గీతలు గీతలుగా వాన,
వానలో మా నాయన.
నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

పదకొండు సెకన్లు, లెక్కపెట్టాను.
చివరి రీలు లేదు, ఎలకలు తిన్నాయన్నారు.
తెల్లారి ఎండ పడగానే పిశాచాలన్నీ కాలిపోతాయి కదా,
ఆ ఎండ ఎలకల కడుపులో ఉంది.
బాబాయ్, ఇంకోసారి వెయ్యమన్నాను.
మూడోసారీ అడిగితే ఆయన ఏమనలేదు,
బీడీ ఆర్పి రీలు వెనక్కి చుట్టారు.

అప్పుడు కనిపించింది.
అందరూ తలగుడ్డ సంగతే చెప్పారు,
నాయన కూడా అదే చెప్పాడు.
కాళ్లు చూడండి.
ముందు షాటులో చెప్పులున్నాయి.